సీయోను: ఒకే పదం, రెండు చరిత్రలు

యూనిట్ నిర్మాణం

12.0 లక్ష్యాలు
12.1 పరిచయం
12.2 'సీయోను' పదం: మూలార్థం
12.3 రాజకీయ జియోనిజం
12.4 జమైకాలో రస్తఫారి ఉద్యమం
12.5 రస్తఫారి సంగీతంలో సీయోను
12.6 రెండు చరిత్రలు ఎదురుపడిన సందర్భాలు
12.7 పోలికలు, తేడాలు
12.8 సారాంశం
12.9 పదకోశం
12.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• 'సీయోను' అనే పదం ఎక్కడ పుట్టిందో, దాని అర్థం ఎలా విస్తరించిందో వివరించగలుగుతారు.
• రాజకీయ జియోనిజం ఆవిర్భావానికి దారితీసిన పరిస్థితులను చర్చించగలుగుతారు.
• జమైకాలో రస్తఫారి ఉద్యమం సీయోనును ఇథియోపియాతో ఎందుకు ముడిపెట్టిందో తెలుపగలుగుతారు.
• ఈ రెండు ఉద్యమాల్లో సీయోను భావనకున్న పోలికలను, తేడాలను ఆధారాలతో చెప్పగలుగుతారు.

12.1 పరిచయం

చరిత్ర విద్యార్థికి శాసనాలు, నాణేలు ఎలాంటి ఆధారాలో పదాలు కూడా అలాంటి ఆధారాలే. ఒక శాసనం దొరికినప్పుడు అది ఎవరు వేయించారు, ఎప్పుడు వేయించారు, ఎవరి కోసం వేయించారు అని అడుగుతాం. పదాన్ని కూడా ఇలాగే ప్రశ్నించాలి.

'సీయోను' అనే పదాన్నే తీసుకుందాం. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవారికి ఇది చిన్ననాటి నుంచి తెలిసిన మాట. కీర్తనల్లో వినిపిస్తుంది, ప్రార్థన మందిరాల పేర్లలో కనిపిస్తుంది. దినపత్రికల్లో పశ్చిమాసియా వార్తలు చదివేవారికి 'జియోనిజం' అనే మాట పరిచయమే. బాబ్ మార్లే పాటలు వినేవారికి 'జయాన్' అనే మాట తెలుసు. ఈ మూడు చోట్లా ఉన్న పదం ఒక్కటేనని చాలామంది గమనించరు. గమనించినవారిలో కొందరు పదం ఒకటి కాబట్టి అర్థం కూడా ఒకటేనని భావిస్తారు. అప్పుడు రస్తఫారి గాయకుడు సీయోను గురించి పాడితే అది ఇజ్రాయెల్ దేశానికి మద్దతు అని పొరబడే ప్రమాదం ఉంది. ఒక సమాజం తన బాధను చెప్పుకోవడానికి ఎంచుకున్న మాటను మరో సమాజం రాజకీయంగా లెక్కవేయడం అవుతుంది.

ఈ యూనిట్‌లో గ్రంథ సంబంధమైన అర్థానికి, రస్తఫారి అర్థానికి తెలుగు బైబిల్లో స్థిరపడిన 'సీయోను' అనే రూపాన్ని వాడతాం. పంతొమ్మిదో శతాబ్దం చివర యూరప్‌లో పుట్టిన ఆధునిక ఉద్యమాన్ని 'జియోనిజం' అంటాం.

12.2 'సీయోను' పదం: మూలార్థం

సీయోను మొదట ఒక కొండ కోట పేరు. హిబ్రూ గ్రంథాల ప్రకారం దావీదు రాజు యెబూసీయుల నుంచి ఈ కోటను గెలుచుకొని తన రాజధాని చేసుకున్నాడు. ఆయన కుమారుడు సొలొమోను యెరూషలేములో దేవాలయం కట్టించిన తరువాత సీయోను అనే పేరు ఆలయం ఉన్న కొండకు, క్రమంగా నగరమంతటికీ, చివరకు ఆ నగరాన్ని తమదిగా భావించిన ప్రజలకు కూడా వర్తించింది.

ఈ పదానికి మరో అర్థాన్ని చేర్చినది పరాజయం. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును ధ్వంసం చేసి, అక్కడి ప్రజల్లో చాలామందిని బందీలుగా తీసుకుపోయాడు. పరాయి నేల మీద నదుల ఒడ్డున కూర్చొని సీయోనును తలచుకుంటూ దుఃఖించిన ఆ బందీల వేదనే 137వ కీర్తన. అప్పటి నుంచి సీయోను, బబులోను ఒక జంట పదాలుగా నిలిచిపోయాయి. సీయోను పోగొట్టుకున్న ఇల్లు, బబులోను బంధించి ఉంచిన అధికారం. ఈ జంటను గుర్తుపెట్టుకోండి. రస్తఫారి పాటలను అర్థం చేసుకోవడానికి ఇదే తాళంచెవి.

పారశీక రాజు కోరెషు క్రీ.పూ. 538లో బందీలను తిరిగి వెళ్లనిచ్చాడు. దేవాలయాన్ని మళ్లీ కట్టుకున్నారు. క్రీ.శ. 70లో రోమన్లు దాన్ని కూల్చివేశారు. ఆ తరువాతి శతాబ్దాల్లో యూదులు అనేక దేశాల్లో చెదిరి జీవించారు. అయినా యెరూషలేము వైపు తిరిగి ప్రార్థించడం, పస్కా పండుగ ముగింపులో వచ్చే ఏడాది యెరూషలేములో ఉండాలని కోరుకోవడం మానలేదు. అయితే ఆ తిరుగు ప్రయాణాన్ని దేవుడు పంపే మెస్సీయా జరిపిస్తాడని అత్యధికులు నమ్మారు. మనుషులు సంఘాలు పెట్టి, చందాలు పోగుచేసి జరపవలసిన పని అని అనుకోలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
సీయోను, బబులోను జంట పదాలుగా ఎలా మారాయి? నాలుగైదు వాక్యాల్లో రాయండి.

12.3 రాజకీయ జియోనిజం

12.3.1 నేపథ్యం

పంతొమ్మిదో శతాబ్దంలో పశ్చిమ, మధ్య యూరప్ దేశాల్లో యూదులకు క్రమంగా పౌర హక్కులు లభించాయి. కానీ యూదులు అత్యధికంగా నివసించిన రష్యా సామ్రాజ్యంలో వారు పశ్చిమ సరిహద్దు రాష్ట్రాల్లోనే ఉండాలన్న ఆంక్షలు కొనసాగాయి. 1881లో జార్ రెండో అలెగ్జాండర్ హత్య జరిగిన తరువాత యూదుల మీద మూక దాడులు చెలరేగాయి. ఒడెస్సాలో వైద్యుడైన లియోన్ పిన్‌స్కర్ 1882లో ప్రచురించిన కరపత్రంలో, ఇతరులు దయతలచి ఇచ్చే హక్కుల కోసం ఎదురుచూడకుండా యూదులు తమ విముక్తిని తామే సాధించుకోవాలని వాదించాడు. అదే కాలంలో కొన్ని చిన్న బృందాలు పాలస్తీనాకు వలస వెళ్లి వ్యవసాయ గ్రామాలు ఏర్పరచుకున్నాయి. 'జియోనిజం' అనే మాటను 1890లో వియన్నాకు చెందిన నాథన్ బిర్న్‌బామ్ ప్రయోగంలోకి తెచ్చాడు.

12.3.2 హెర్జెల్, బాసెల్ మహాసభ

ఈ భావాలకు అంతర్జాతీయ సంస్థ రూపం ఇచ్చినవాడు థియొడోర్ హెర్జెల్. బుడాపెస్టులో పుట్టి వియన్నాలో స్థిరపడిన ఈ పత్రికా రచయిత, పారిస్ విలేకరిగా ఉన్నప్పుడు డ్రైఫస్ వ్యవహారాన్ని దగ్గర నుంచి చూశాడు. సమాన హక్కులకు పుట్టినిల్లని పేరున్న ఫ్రాన్స్‌లోనే యూదు సైనికాధికారి మీద తప్పుడు ద్రోహ నేరం మోపి శిక్షించారు. 1896లో హెర్జెల్ 'యూదు రాజ్యం' అనే పుస్తకం ప్రచురించాడు. యూదుల సమస్య మత సమస్య కాదని, అది జాతీయ సమస్య అని, దానికి పరిష్కారం ఒక రాజ్యమేనని ఆయన వాదన. ఆ రాజ్యం ఎక్కడ ఉండాలన్న చర్చలో పాలస్తీనాతో పాటు అర్జెంటీనాను కూడా ఆయన పరిశీలించాడు.

1897 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో మొదటి జియోనిస్టు మహాసభ జరిగింది. పాలస్తీనాలో యూదు ప్రజలకు చట్టబద్ధమైన గుర్తింపుతో ఒక స్వస్థలాన్ని ఏర్పరచడం తమ లక్ష్యమని ప్రకటించింది. ఇక్కడ వచ్చిన మార్పును గమనించండి. ప్రార్థనలో ఉన్న సీయోను ఒక కార్యక్రమంగా మారింది. దానికి సభ్యత్వం, నిధి, బ్యాంకు, భూమి కొనుగోలు, ప్రభుత్వాలతో సంప్రదింపులు వచ్చి చేరాయి.

1903లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో యూదుల మీద దాడి జరిగింది. అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం తూర్పు ఆఫ్రికాలో కొంత భూభాగం ఇవ్వజూపింది. చరిత్రలో దీనిని 'ఉగాండా పథకం' అంటారు కానీ ఆ ప్రాంతం నేటి కెన్యాలో ఉంది. తక్షణ రక్షణ కోసం దీన్ని పరిశీలించాలని హెర్జెల్ భావించాడు. అందరికంటే ఎక్కువగా బాధలు పడుతున్న రష్యా ప్రతినిధుల్లోనే చాలామంది దీన్ని వ్యతిరేకించి సభ నుంచి బయటికి నడిచారు. 1905లో మహాసభ ఈ పథకాన్ని తిరస్కరించింది. మతాచారాలు అంతగా పాటించనివారు కూడా సీయోను లేని జియోనిజాన్ని ఒప్పుకోలేదన్నమాట. పాత పదానికి ఉన్న బలం ఇక్కడ కనిపిస్తుంది.

12.3.3 యూదుల్లోనే భిన్నాభిప్రాయాలు

యూదులందరూ జియోనిస్టులు కారు. 1897లోనే విల్నాలో స్థాపించిన 'బుండ్' అనే సోషలిస్టు సంస్థ, యూదులు తాము ఉన్న చోటనే హక్కుల కోసం పోరాడాలన్నది. సంప్రదాయ మత గురువుల్లో అనేకులు మెస్సీయా రాకముందే మనుషులు రాజ్యం కట్టబూనడం తప్పన్నారు. అహాద్ హాఅమ్ అనే కలంపేరుతో రాసిన ఆలోచనాపరుడు పాలస్తీనాను యూదు సంస్కృతికి కేంద్రంగా కోరుకున్నాడు. అక్కడికి వెళ్లి చూసి వచ్చిన ఆయన, ఆ నేల ఖాళీగా లేదని, సాగుకు పనికివచ్చే భూమిని అరబ్బులు సాగుచేసుకుంటున్నారని 1891లోనే హెచ్చరించాడు.

12.3.4 బాల్ఫర్ ప్రకటన నుంచి 1948 వరకు

1917 నవంబర్ 2న బ్రిటిష్ విదేశాంగ మంత్రి బాల్ఫర్, పాలస్తీనాలో యూదు ప్రజలకు జాతీయ స్వస్థలం ఏర్పాటును తమ ప్రభుత్వం సమర్థిస్తుందని ఒక లేఖలో ప్రకటించాడు. అక్కడున్న 'యూదేతర సముదాయాల' పౌర, మత హక్కులకు భంగం కలగరాదని కూడా ఆ లేఖలో ఉంది. వారి రాజకీయ హక్కుల ప్రస్తావన మాత్రం లేదు. 1922 జనగణన ప్రకారం పాలస్తీనా జనాభా సుమారు 7,57,000 కాగా, అందులో యూదులు సుమారు 84,000. అంటే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిని ఆ లేఖ పేరు పెట్టి పిలవనే లేదు.

నాజీ జర్మనీ సుమారు 60 లక్షల మంది యూదులను హతమార్చింది. ఆ దారుణం తరువాత రాజ్యం కావాలన్న డిమాండుకు అంతర్జాతీయ మద్దతు పెరిగింది. 1947 నవంబర్ 29న ఐక్యరాజ్య సమితి విభజన తీర్మానాన్ని ఆమోదించింది. భారతదేశం దానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. 1948 మే 14న ఇజ్రాయెల్ రాజ్య ప్రకటన జరిగింది. విభజన తీర్మానంతో మొదలైన పోరులోను, 1948 యుద్ధంలోను 7 లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు విడిచిపోవలసి వచ్చింది. వారు దీన్ని 'నక్బా', అంటే మహావిపత్తు అంటారు. ఇజ్రాయెల్ 1950లో చేసిన 'తిరిగి వచ్చే హక్కు చట్టం' ఏ దేశంలోని యూదులైనా వచ్చి పౌరసత్వం పొందే వీలు కల్పించింది. ఇళ్లు కోల్పోయిన పాలస్తీనీయులకు అలాంటి హక్కు దక్కలేదు. ఒకరికి సీయోను చేరడమైన ఘటనే మరొకరికి ఇల్లు కోల్పోవడమైంది. జియోనిజం గురించి నేటికీ సాగుతున్న వాదాలన్నీ ఏదో ఒక విధంగా ఈ వాస్తవం దగ్గరికే వస్తాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
ఉగాండా పథకాన్ని మహాసభ తిరస్కరించడం నుంచి మనం ఏమి గ్రహించవచ్చు?

12.4 జమైకాలో రస్తఫారి ఉద్యమం

12.4.1 బానిసలు చదువుకున్న బైబిల్

ఇప్పుడు అట్లాంటిక్ దాటి కరేబియన్ దీవుల్లోని జమైకాకు వెళ్దాం. 1655లో బ్రిటిష్ వారి చేతికి వచ్చిన ఈ దీవిలో చెరకు తోటల కోసం ఆఫ్రికా నుంచి లక్షలాది మందిని బానిసలుగా తెచ్చారు. 1834లో బానిసత్వాన్ని రద్దు చేసినా పూర్తి విడుదల 1838లో గానీ రాలేదు. ఆ తరువాత కూడా భూమి, అధికారం తోట యజమానుల దగ్గరే ఉన్నాయి.

బానిసలకు యజమానుల దేశపు మిషనరీలు బైబిల్ బోధించారు. బానిసలు మాత్రం అందులో తమ కథను చదువుకున్నారు. ఐగుప్తులో వెట్టిచాకిరీ, బబులోనులో చెర, తిరిగి వెళ్లే వాగ్దానం వారికి పాత కథల్లా కనిపించలేదు. దీనికి ఒక అనువాదం కూడా తోడ్పడింది. హిబ్రూ మూలంలో 'కూషు' అని ఉన్న చోట తెలుగు బైబిల్ ఆ పేరునే నిలుపుకొంది. అందుకే మన 68వ కీర్తనలో 'కూషీయులు' కనిపిస్తారు. జమైకా ప్రజలు చదివిన ఇంగ్లిషు బైబిల్లో అదే చోట 'ఇథియోపియా' అని ఉంది. దేవుని వైపు చేతులు చాచే ఇథియోపియా అంటే తామేనని వారు భావించారు. నిజానికి వారి పూర్వికులు ఎక్కువగా పశ్చిమ, మధ్య ఆఫ్రికా ప్రాంతాలవారు. అయినా 'ఇథియోపియా' వారికి ఆఫ్రికా అంతటికీ పేరైంది.

1896లో ఈ పేరుకు కొత్త తేజస్సు వచ్చింది. హెర్జెల్ పుస్తకం వెలువడిన ఆ సంవత్సరంలోనే అడోవా యుద్ధంలో ఇథియోపియా సేనలు ఇటలీని ఓడించాయి. ఆఫ్రికాను యూరప్ దేశాలు పంచుకుంటున్న కాలంలో ఒక నల్లజాతి రాజ్యం స్వతంత్రంగా నిలబడింది.

12.4.2 మార్కస్ గార్వే

జమైకాలో 1887లో పుట్టిన మార్కస్ గార్వే 1914లో నల్లజాతివారి అంతర్జాతీయ సంఘాన్ని స్థాపించి, తరువాత న్యూయార్క్ కేంద్రంగా దాన్ని మహోద్యమంగా పెంచాడు. ఆఫ్రికా ఆఫ్రికన్లదేనని, చెదిరిన సంతతి అక్కడ తమ రాజ్యం నిర్మించుకోవాలని ప్రబోధించాడు. 1919లో ప్రజల వాటాలతో 'బ్లాక్ స్టార్ లైన్' అనే ఓడల సంస్థను ప్రారంభించాడు. అది నష్టాల్లో మునిగింది. తపాలా మోసం కేసులో శిక్షపడిన గార్వేను 1927లో అమెరికా దేశం నుంచి పంపివేసింది. సమకాలికులు కొందరు ఈ ఉద్యమాన్ని 'నల్ల జియోనిజం' అన్నారు.

12.4.3 హైలే సెలాసీ పట్టాభిషేకం

1930 నవంబర్ 2న రాస్ తఫారి మకొనెన్ 'హైలే సెలాసీ' అనే పేరుతో ఇథియోపియా చక్రవర్తి అయ్యాడు. బాల్ఫర్ లేఖ తేదీ కూడా నవంబర్ 2 కావడం కేవలం యాదృచ్ఛికం. చక్రవర్తి బిరుదుల్లో 'యూదా గోత్రపు సింహం' ఒకటి. ఇథియోపియా రాజవంశ గాథ 'కెబ్రా నగస్త్' ప్రకారం సొలొమోను రాజుకు, షేబ దేశపు రాణికి పుట్టిన మెనెలిక్ కాలంలో దేవుని మందసం యెరూషలేము నుంచి ఇథియోపియాకు చేరింది. ఆ గ్రంథంలో మందసానికే సీయోను అనే పేరుంది. ఆక్సుమ్ నగరంలోని ప్రాచీన దేవాలయం పేరు కూడా సీయోను మరియ ఆలయం. కాబట్టి సీయోను ఇథియోపియాకు తరలివచ్చిందన్న భావన రస్తఫారీలు కల్పించినది కాదు. ఆ దేశపు క్రైస్తవ సంప్రదాయంలో శతాబ్దాలుగా ఉంది.

పట్టాభిషేక వార్తలు, ఫోటోలు జమైకా చేరాయి. లియోనార్డ్ హోవెల్ వంటి బోధకులు ఈ చక్రవర్తే దేవుని అవతారమని, నల్లజాతివారి విధేయత బ్రిటిష్ రాజుకు కాక ఆయనకే చెందాలని ప్రకటించారు. ప్రభుత్వం 1934లో హోవెల్‌ను రాజద్రోహ నేరం మీద జైలుకు పంపింది. రాస్ తఫారి పేరు మీదనే వీరికి రస్తఫారీలు అనే పేరు వచ్చింది. చక్రవర్తి మాత్రం ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవుడు. తాను దేవుడినని ఎన్నడూ చెప్పుకోలేదు. గార్వే కూడా రస్తఫారి మతంలో చేరలేదు. పైగా ఇటలీ దాడి తరువాత దేశం విడిచిన చక్రవర్తిని ఘాటుగా విమర్శించాడు. అయినా రస్తఫారీలు గార్వేను ప్రవక్తగా గౌరవిస్తారు.

12.5 రస్తఫారి సంగీతంలో సీయోను

రస్తఫారీల భాషలో 'బబులోను' అంటే వలస పాలన, దాని తరువాత కూడా మారని పోలీసులు, న్యాయస్థానాలు, ధనిక వర్గం. సీయోను అంటే దీనికి ఎదురుగా నిలిచేది. జమైకా మధ్యతరగతి వీరిని చాలాకాలం నేరస్థులుగానే చూసింది. పత్రికల్లో, చట్టసభల్లో చోటు దక్కనివారికి డప్పు, పాట వేదికలయ్యాయి. ఆరాధన సభల్లోని 'న్యాబింగి' వాద్యాలను కౌంట్ ఓసీ బృందం 1960 ప్రాంతంలో రికార్డింగు స్టూడియోకు తెచ్చింది. ఆ దశాబ్దం చివరలో రెగె రూపుదిద్దుకొన్నప్పుడు ఈ పదజాలం దానితో పాటు ప్రపంచమంతటా వినిపించింది.

పాటల్లో సీయోనుకు మూడు అర్థాలు కనిపిస్తాయి. మొదటిది స్థలం. అబిసీనియన్స్ బృందం 1969లో రికార్డు చేసిన 'సత్తా మస్సగనా' పాటకు అమ్హారిక్ మాటల నుంచి పేరు పెట్టారు. అందులో దూరాన ఉన్న ఆ దేశం ఇథియోపియాయే. రెండోది ప్రయాణం. బాబ్ మార్లే తన మీద 1976 డిసెంబర్‌లో జరిగిన హత్యాయత్నం తరువాత లండన్‌లో ఉండి చేసిన 'ఎక్సోడస్' ఆల్బమ్‌కు నిర్గమకాండమే ఆధారం. 1980 నాటి 'జయాన్ ట్రెయిన్' పాటలో సీయోనుకు పోయే రైలు వస్తుంది. మూడోది కొలమానం. మనిషి నేడు బతుకుతున్న తీరు న్యాయమైనదా అని చూసుకునే అద్దం సీయోను. ఈ అర్థంలో అది లోపలి స్థితి. కింగ్‌స్టన్ మురికివాడలో ఉంటూనే బబులోనుకు తలవంచకపోవడం సీయోనులో జీవించడమే.

137వ కీర్తన ఆధారంగా మెలోడియన్స్ బృందం 1970లో పాడిన 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' చరిత్రను ప్రత్యేకంగా పరిశీలించాలి. ఆ పాటలో కీర్తనలోని దైవనామం స్థానంలో చక్రవర్తిని సూచించే రస్తఫారి మాటలు ఉంటాయి. గాయకుల్లో ఒకరి కథనం ప్రకారం మొదట జమైకా రేడియోలో దీని ప్రసారాన్ని నిలిపివేశారు. యూదుల బైబిల్ కీర్తన మీద ఏ ప్రభుత్వానికీ అభ్యంతరం ఉండదు. అభ్యంతరం ఆ కీర్తనను ఎవరు, ఎవరి గురించి పాడుతున్నారన్నదాని మీదే. 1978లో పశ్చిమ జర్మనీకి చెందిన బోనీ ఎం బృందం ఇదే పాటను నృత్య గీతంగా పాడి యూరప్ అంతటా విజయం సాధించింది. అందులో రస్తఫారి మాటలు తొలగిపోయాయి. బాణీ మిగిలింది, బబులోను ఎవరన్న ప్రశ్న మిగల్లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
రెగె పాటల్లో సీయోనుకు గల మూడు అర్థాలను ఉదాహరణలతో తెలపండి.

12.6 రెండు చరిత్రలు ఎదురుపడిన సందర్భాలు

ఈ రెండు చరిత్రలు ఒకదానికొకటి తెలియకుండా సాగలేదు. లైబీరియాలో పనిచేసిన నల్లజాతి మేధావి ఎడ్వర్డ్ బ్లైడెన్ 1898లో యూదుల సమస్యపై ఒక చిన్న పుస్తకం రాసి, జియోనిజాన్ని ఆసక్తితో ఆహ్వానించాడు. హెర్జెల్ 1902లో రాసిన నవలలో ఒక శాస్త్రవేత్త పాత్ర, యూదులు తిరిగి వచ్చారు కనుక ఇక నల్లజాతివారు ఆఫ్రికాకు తిరిగి వెళ్లడానికి సాయపడాలని ఉందంటుంది. 1919లో అమెరికన్ చరిత్రకారుడు డు బోయిస్ ఆఫ్రికా ఉద్యమాన్ని జియోనిస్టు ఉద్యమంతో పోల్చాడు.

1936లో ఇటలీ సేనలు అడిస్ అబాబాను సమీపించినప్పుడు హైలే సెలాసీ దేశం విడిచి యెరూషలేము చేరాడు. రస్తఫారీల దృష్టిలో సీయోనుకు రాజైన వ్యక్తి, అసలు సీయోను కొండ ఉన్న నగరంలో శరణార్థి అయ్యాడు. అప్పటికే అక్కడ వలసలకు, బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా అరబ్బుల తిరుగుబాటు మొదలైంది.

రస్తఫారీలకు కూడా సీయోను పాటల్లో మాత్రమే లేదు. 1959లో క్లాడియస్ హెన్రీ అనే బోధకుడు ఆఫ్రికా ప్రయాణానికి కార్డులు అమ్మగా, జనం ఉన్నదంతా అమ్ముకొని వచ్చి రాని ఓడల కోసం ఎదురుచూశారు. 1961లో జమైకా నుంచి ఒక బృందం తిరుగు వలస అవకాశాలను పరిశీలించడానికి ఆఫ్రికా దేశాలకు వెళ్లింది. అందులో రస్తఫారీలు కూడా ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత చక్రవర్తి, ఇటలీ దాడి సమయంలో అండగా నిలిచిన నల్లజాతివారి కోసం షాషమానె పట్టణం దగ్గర సుమారు 200 హెక్టార్ల భూమి కేటాయించాడు. అడిస్ అబాబాకు దక్షిణంగా ఉన్న ఈ చోటికి కొందరు రస్తఫారీలు వచ్చి స్థిరపడ్డారు. బాబ్ మార్లే 1978లో దీన్ని సందర్శించాడు.

అయితే ఆ నేల కూడా ఖాళీ కాదు. అది ఒరోమో ప్రజల ప్రాంతం. అహాద్ హాఅమ్ పాలస్తీనాలో లేవనెత్తిన ప్రశ్న చాలా చిన్న పరిమాణంలో ఇక్కడా ఎదురైంది. 1974 విప్లవం చక్రవర్తిని తొలగించింది. మరుసటి ఏడాది భూముల జాతీయీకరణలో వలస వచ్చినవారు ఆ భూమిలో అధిక భాగం కోల్పోయారు. సొంత రాజ్యం, సైన్యం లేని సీయోను ఒక ప్రభుత్వ నిర్ణయంతో కుదించుకుపోయింది.

ఇథియోపియాలో 'బేటా ఇజ్రాయెల్' అనే ప్రాచీన యూదు సమాజం ఉండేది. వారికి సీయోను అంటే యెరూషలేమే. కరవు, అంతర్యుద్ధం నడుమ 1984–85లోను, మళ్లీ 1991 మే నెలలోను ఇజ్రాయెల్ వారిని విమానాల్లో తరలించింది. 1991లో రెండు రోజులు నిండకుండానే 14,000 మందికి పైగా ఆ దేశం దాటారు. అంటే సీయోను కోసం ఇథియోపియాకు వచ్చినవారు షాషమానెలో ఉండగానే, సీయోను కోసం ఇథియోపియాను విడిచినవారు అడిస్ అబాబాలో విమానం ఎక్కారు.

12.7 పోలికలు, తేడాలు

పోలికలు: రెండు ఉద్యమాలకూ మూలం ఒకే గ్రంథం. రెండూ చెదిరిపోయి అవమానాలకు గురైన ప్రజల నుంచి పుట్టాయి. పరాయి సమాజం తమను సమానులుగా అంగీకరిస్తుందన్న నమ్మకం సడలడం రెంటికీ కారణం. రెంటిలోనూ తిరుగు ప్రయాణం కేంద్ర భావన.

తేడాలు: వీటిని నాలుగు అంశాలుగా చూడవచ్చు.

1. స్థలం: జియోనిజానికి సీయోను భౌగోళికంగా పాలస్తీనా. రస్తఫారీలకు ఇథియోపియా, దాని ద్వారా ఆఫ్రికా అంతా.

2. సాధనం: జియోనిజం మహాసభలు, నిధులు, వలసలు, దౌత్యం, చివరకు సైన్యం ద్వారా సాగింది. రస్తఫారి ఉద్యమానికి అలాంటి కేంద్ర సంస్థ లేదు. పాట, ఆరాధన, జీవన విధానం దాని ప్రధాన సాధనాలు.

3. బబులోను స్థానం: జియోనిజంలో చెర నుంచి బయటపడి రాజ్యం ఏర్పరచుకోవడం లక్ష్యం. రస్తఫారి ఆలోచనలో రాజ్యాధికారమే చాలావరకు బబులోను. స్వతంత్ర జమైకా ప్రభుత్వాన్ని కూడా వారు ఆ పేరుతోనే పిలిచారు.

4. ఫలితం: జియోనిజం రాజ్యాన్ని సాధించింది. దాంతో హద్దులు, పౌరసత్వం, నిర్వాసితుల విషయంలో జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా వచ్చింది. రస్తఫారి సీయోను ఎక్కువగా పాటలో, ఆశలో మిగిలింది. అందుకే అది ఎక్కువ మందికి చేరువైంది, అందుకే దాన్ని అర్థం తీసివేసి అమ్ముకోవడం కూడా తేలికైంది.

ఈ తేడాలను 'ఒకటి రాజకీయం, మరొకటి ఆధ్యాత్మికం' అని కుదించరాదు. ఉగాండా పథకం తిరస్కరణలో మత స్మృతి పనిచేసింది. హోవెల్ మీద రాజద్రోహ కేసు, షాషమానె భూమి రాజకీయ విషయాలే. అణగారినవారు ఇశ్రాయేలు కథను తమ కథగా చదువుకోవడం తెలుగు నేలకూ కొత్త కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో మాదిగ నేపథ్యం గల ఒక చిన్న సమాజం తమను ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతిగా చెప్పుకొంటూ యూదు ఆచారాలు పాటిస్తోంది. వంశ సంబంధం నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న. ఆ కథ వారికి ఎందుకు అవసరమైంది అన్నది మరో ప్రశ్న. చరిత్ర విద్యార్థి రెండో ప్రశ్నను మరచిపోకూడదు.

12.8 సారాంశం

సీయోను మొదట యెరూషలేములోని ఒక కోట. బబులోను చెర తరువాత అది పోగొట్టుకున్న ఇంటికి పేరైంది. పంతొమ్మిదో శతాబ్దం చివర యూరప్‌లో యూదులపై సాగిన హింస, జాతీయవాద భావాలు కలిసి రాజకీయ జియోనిజాన్ని రూపొందించాయి. అది 1948లో రాజ్యంగా మారింది. అదే సమయంలో లక్షలాది పాలస్తీనీయులు నిర్వాసితులయ్యారు. జమైకాలో బానిసల సంతతి అదే గ్రంథాన్ని చదివి ఇథియోపియాను సీయోనుగా, తమను అణచిన వ్యవస్థను బబులోనుగా గుర్తించింది. రెగె సంగీతం ఆ భావాన్ని ప్రపంచానికి వినిపించింది. పదం ఒకటే అయినా, పలికినవారి అనుభవం, వారు నిలబడిన నేల, వారికి ఎదురుగా ఉన్న అధికారం వేరు. అందువల్ల ఈ పదం కనిపించిన ప్రతిచోటా ఎవరు, ఎప్పుడు, ఎవరికి ఎదురుగా పలికారు అని అడగాలి. ఆ నేల మీద అప్పటికే ఎవరున్నారు అని కూడా అడగాలి.

12.9 పదకోశం

మెస్సీయా: దేవుడు పంపుతాడని యూదులు నమ్మే విమోచకుడు.
మందసం: దేవుని ఆజ్ఞల పలకలు ఉంచిన పవిత్రమైన పెట్టె.
నక్బా: 1948 నాటి నిర్వాసాన్ని పాలస్తీనీయులు పిలిచే పేరు. మహావిపత్తు అని అర్థం.
న్యాబింగి: రస్తఫారీల ఆరాధన సభ, అందులో వాయించే డప్పుల పద్ధతి.
రాస్: ఇథియోపియాలో ఉన్నత ప్రభువులకు ఇచ్చిన బిరుదు.

12.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రాజకీయ జియోనిజం ఆవిర్భావానికి గల కారణాలను, 1948 వరకు దాని పరిణామాన్ని వివరించండి.
2. రాజకీయ జియోనిజంలోను, రస్తఫారి సంగీతంలోను సీయోను భావనకు గల పోలికలను, తేడాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జమైకా ప్రజలకు ఇథియోపియా ఎందుకు సీయోను అయింది?
2. 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' పాట చరిత్ర నుంచి పదాల అర్థం గురించి ఏమి తెలుసుకోవచ్చు?
3. పాలస్తీనా, షాషమానె అనుభవాల్లో భూమికి సంబంధించి ఎదురైన ప్రశ్నను పరిశీలించండి.